ఎనిమిదేళ్ల ఐస్ హాకీ ఆటగాడికి ఏ క్లబ్ మేలు? దీర్ఘకాలిక శిక్షణ పద్ధతిని బేరీజు వేయడం ఎలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీ అబ్బాయి ఎనిమిదేళ్లలోపు విభాగంలో ఆడుతున్నాడు. ఇప్పుడున్న క్లబ్ రింక్‌ను అడ్డంగా మూడు భాగాలు చేసి ఆడిస్తోంది, గెలుపోటముల పట్టిక ప్రకటించడం లేదు, గోలీని (గోల్ కాసే ఆటగాణ్ని) ప్రతి వారం మారుస్తోంది, వేసవిలో స్కేట్లు పక్కన పెట్టి వేరే ఆట ఏదైనా ఆడమని సలహా ఇస్తోంది. దగ్గరలోనే ఉన్న మరో జట్టు ‘ట్రిపుల్ ఏ’ (అత్యున్నత స్థాయి) అనే ముద్రతో ఎంపికలు జరిపి, పూర్తి రింక్ మీద ఏడాదికి 60కి పైగా మ్యాచ్‌లు ఆడిస్తామంటోంది. మీ అబ్బాయి స్నేహితులు ఇద్దరు ఇప్పటికే అక్కడికి వెళ్లిపోయారు. ‘దీర్ఘకాలిక అభివృద్ధి’ అనే మాట చాటున మావాడు వెనుకబడిపోతున్నాడేమోనన్నది మీ బెంగ. పైగా వాడు గోలీగా తప్ప ఆడనని పట్టుబడుతున్నాడని చివర్లో ప్రస్తావించారు.

అమెరికాలో పిల్లల హాకీ జట్లకు ఇరవై ఏళ్లకు పైగా శిక్షణ ఇచ్చాను, అందులో కొన్నేళ్లు ఒక క్లబ్ శిక్షణ వ్యవహారాలన్నీ చూశాను. ఆ అనుభవంతో చెప్పవలసిన మాట ముందే చెబుతాను. మీరు లోపాలుగా పేర్కొన్న వాటిలో దాదాపు అన్నీ సరైన పనులే. అయితే ఆ పనులు చేస్తున్నంత మాత్రాన ఒక క్లబ్ మంచిదైపోదు. మ్యాచ్ గెలవడానికీ పిల్లవాడు నేర్చుకోవడానికీ పొత్తు కుదరని రోజు ఒకటి ప్రతి సీజన్‌లోనూ వస్తుంది, ఆ రోజున క్లబ్ దేన్ని వదులుకుంటుందో చూస్తే తప్ప దాని పద్ధతి ఏమిటో తెలియదు.

ముందుగా చిన్న రింక్ సంగతి చూద్దాం, ఎందుకంటే తల్లిదండ్రుల అసంతృప్తి అంతా సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. ఆ కొలతలు పెద్దవాళ్ల కాళ్లకూ పెద్దవాళ్ల ఊపిరికీ తగినవి. ఒక్కో జట్టులో 15 మంది స్కేటర్లు ఉన్నారనుకుని, 50 నిమిషాల సమయాన్ని రెండు విధాలుగా లెక్కవేయండి. పూర్తి రింక్ మీద ఐదుగురికి ఐదుగురు ఆడితే ప్రతి పిల్లవాడూ మూడో వంతు సమయం, అంటే దాదాపు 17 నిమిషాలు మాత్రమే మంచు మీద ఉంటాడు. ఆ కాసేపూ ఒకే పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) పది మంది పంచుకోవాలి. అందరికీ సమానంగా దక్కిందనుకున్నా ఒక్కొక్కరి స్టిక్ మీద పక్ ఉండేది 100 సెకన్లు. వాస్తవంలో అది సమానంగా దక్కదు. వేగంగా స్కేట్ చేయగల ఇద్దరు ముగ్గురు పక్‌ను పట్టుకుని పోతుంటే మిగిలినవారు వెనుక నుంచి వారి వీపులు చూస్తూ స్కేట్ చేస్తారు. అదే 30 మందిని మూడు చిన్న రింకులకు పంచి, నలుగురికి నలుగురు చొప్పున ఆడించండి. ఏ సమయంలోనైనా 24 మంది ఆడుతూనే ఉంటారు, ఒక్కొక్కరికి 40 నిమిషాల ఆట దొరుకుతుంది, ఒక పక్‌కు ఎనిమిది మందే ఉంటారు కనుక తలకు ఐదు నిమిషాలు వస్తుంది. అదే మంచు, అదే సమయం, పిల్లలూ వారే, కానీ పక్ స్పర్శ మూడింతలైంది.

నిమిషాల లెక్క కంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది మరొకటి ఉంది. ఇరుకు చోట్లో ప్రత్యర్థి ఎప్పుడూ రెండు అడుగుల దూరంలోనే ఉంటాడు. కాబట్టి పిల్లవాడు తల ఎత్తి చూడాలి, స్కేట్ బ్లేడు అంచులు మార్చి తిరగాలి, పక్‌ను శరీరం చాటున దాచుకోవాలి, ఎవరికి పాస్ ఇవ్వాలో అర సెకనులో తేల్చుకోవాలి. పూర్తి రింక్ మీద కాళ్ల బలం ఉన్న పిల్లవాడికి ఈ అవసరాలేవీ రావు, నేరుగా పరుగుతీసి గోల్ కొట్టి వస్తాడు. చూసేవారికి అది ముచ్చటగా ఉంటుంది, కానీ అందరి కాళ్లకూ బలం వచ్చే 13, 14 ఏళ్ల వయసులో ఆ ఒక్క ఆయుధం మొద్దుబారిపోతుంది. ఆస్టన్ మాథ్యూస్ మంచుతో సంబంధం లేని అరిజోనా ఎడారి ప్రాంతంలో పెరిగినవాడు. చిన్నతనంలో అతని ఆటలో పెద్ద భాగం సగటు రింక్ కన్నా బాగా చిన్నవైన రింకుల మీద, ముగ్గురికి ముగ్గురు చొప్పున సాగింది, హాకీతో పాటు బేస్‌బాల్ కూడా ఆడాడు. 2016 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో, మొదటి స్థానం అతనిదే. ఒక్కడి కథతో ఏదీ రుజువు కాదు, నేను కూడా దాన్ని రుజువుగా చూపడం లేదు. చిన్న రింక్ ఆట అంటే చేతగానివారి కోసం పెట్టిన ఏర్పాటు అనే అపోహ పోవడానికి మాత్రం ఈ ఉదాహరణ సరిపోతుంది.

పూర్తి రింక్ మీద ఆడకపోతే ఆఫ్‌సైడ్, ఐసింగ్ లాంటి పూర్తి రింక్ నియమాలు ఎప్పుడు నేర్చుకుంటారని అడిగేవారు ఉన్నారు. పదేళ్లలోపు విభాగంలోకి వచ్చాక రెండు మూడు వారాల్లో నేర్చుకుంటారు. బ్లేడు బయటి అంచు మీద నిలబడడం మాత్రం అలా వారాల్లో వచ్చేది కాదు, ఆ వయసు దాటాక మొదలుపెడితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకని ముందు దేనికి సమయం పెట్టాలో మీరే ఆలోచించండి.

ఈ పద్ధతి మీ క్లబ్ సొంతంగా కనిపెట్టింది కాదు. అమెరికాలో ఈ ఆటను నడిపే జాతీయ సంస్థ యూఎస్‌ఏ హాకీ 2009లో ‘అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్’ పేరుతో దీన్ని దేశమంతటా ప్రవేశపెట్టింది. దాని వెనుక ఉన్నది కెనడాలో పనిచేసిన క్రీడా నిపుణుడు ఇస్త్వాన్ బాలీ ప్రచారంలోకి తెచ్చిన దీర్ఘకాలిక క్రీడాకారుల అభివృద్ధి సిద్ధాంతం, హాకీ కెనడా కూడా అదే పునాది మీద తన ప్రణాళికను రూపొందించుకుంది. చిన్నపిల్లలకు ఆరు ఔన్సుల నల్ల పక్‌కు బదులు నాలుగు ఔన్సుల నీలం పక్ ఇవ్వడం, మ్యాచ్‌ల కన్నా శిక్షణకే చాలా ఎక్కువ సమయం కేటాయించడం దీనిలో భాగాలే. 12 ఏళ్లలోపు వారికి ఉన్న జాతీయ చాంపియన్‌షిప్‌ను సైతం యూఎస్‌ఏ హాకీ రద్దు చేసింది. అప్పట్లో దాని మీద పెద్ద గగ్గోలే పుట్టింది. జాతీయ టైటిల్ అనే ఎర ఉన్నంత కాలం పదేళ్ల పిల్లల కోసం జట్లు ఒకరి నుంచి ఒకరు ఆటగాళ్లను లాక్కోవడం ఆగదని కోచ్‌లలో చాలామందికి లోలోపల తెలుసు.

బాలీ సిద్ధాంతంలో నాకు పూర్తిగా మింగుడుపడని అంశం ఒకటుంది. ఫలానా వయసులో ఫలానా సామర్థ్యానికి ఒక ‘కిటికీ’ తెరుచుకుంటుందని, అది దాటితే అవకాశం తగ్గిపోతుందని అందులో చెబుతారు. దీనికి శాస్త్రీయ ఆధారం బలంగా లేదనే విమర్శలు చాలా వచ్చాయి, నా అనుభవం కూడా ఆ విమర్శల వైపే ఉంది. పదకొండేళ్లకు స్కేట్లు కట్టుకుని పదహారేళ్లకు మంచి ఆటగాళ్లయిన పిల్లలను చూశాను. చిన్న వయసులో అంచులు, సమతూకం త్వరగా పట్టుబడతాయన్నంత వరకు ఒప్పుకుంటాను. ఆ కిటికీల పట్టికను చూపి తల్లిదండ్రులను భయపెట్టి అదనపు శిక్షణ తరగతులు అమ్మే క్లబ్బులను మాత్రం నమ్మకండి.

ఇక ఎంపికల విషయానికి వస్తే, అసలు మర్మం ఇక్కడే ఉంది. వయో విభాగాలను జనవరి 1 నుంచి లెక్కిస్తారు కనుక జనవరిలో పుట్టినవాడూ అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడూ ఒకే విభాగంలో నిలబడతారు. ఎనిమిదేళ్ల వయసులో ఆ పదకొండు నెలల తేడా అంటే వాడు బతికిన కాలంలో దాదాపు ఎనిమిదో వంతు. పెద్దవాడు వేగంగా ఉంటాడు, చెప్పింది త్వరగా అర్థం చేసుకుంటాడు, ఎంపికలో నెగ్గుతాడు. నెగ్గినవాడికి మంచి కోచ్, ఎక్కువ మంచు సమయం, గట్టి పోటీ దక్కుతాయి. రెండేళ్ల తర్వాత వాడు నిజంగానే మెరుగైన ఆటగాడవుతాడు, ‘చూశారా, మేం సరిగ్గానే ఎంచుకున్నాం’ అని ఎంపిక చేసినవారు తృప్తిపడతారు. కెనడా పరిశోధకుడు రోజర్ బార్న్స్‌లీ తన సహచరులతో కలిసి 1985లో ప్రచురించిన అధ్యయనం, ఉన్నత స్థాయి హాకీ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారు ఎక్కువగా ఉండడాన్ని బయటపెట్టింది. ప్రతిభకు పుట్టిన నెలతో సంబంధం లేదు. సంబంధమల్లా ఎవరికి ముందుగా అవకాశం ఇచ్చామన్న దానితోనే.

యుక్తవయసులో ఈ తేడా మరింత పెరుగుతుంది. ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ ఆడపిల్లలకు సగటున 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలకు 14 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. అది సగటు మాత్రమే కాబట్టి, ఒకే జట్టులోని ఇద్దరు పదమూడేళ్ల అబ్బాయిల్లో ఒకడు మీసాలతోనూ మరొకడు పాలబుగ్గలతోనూ కనిపించడం మాకు మామూలే. ఆ దశలో ఒక్కసారిగా కాళ్లు సాగిన పిల్లవాడి స్కేటింగ్ కొన్ని నెలలు గాడితప్పుతుంది. వాడి తండ్రి వచ్చి ‘మావాడు ఆట మరిచిపోయాడు’ అని వాపోతాడు. వాడు మరిచిపోలేదు, కొత్త ఒంటికి అలవాటు పడుతున్నాడు. ఈ సంగతి తెలిసిన క్లబ్ వాణ్ని జట్టు నుంచి తీసేయకుండా ఓపిక పడుతుంది. తెలియని క్లబ్ వాణ్ని వదులుకుని, మీసాలు వచ్చినవాణ్ని తెచ్చుకుంటుంది.

పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను అంచనా వేయడమే వృత్తిగా బతికే ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్లు 1998లో పావెల్ దాత్సుక్‌ను 171వ స్థానం దాకా, 1999లో హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ స్థానం దాకా పట్టించుకోలేదు. మార్టిన్ సెయింట్ లూయీని ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోనే లేదు, 2004లో అతను లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. వారి చూపే ఇంతలా తప్పితే, ఒక ఆదివారం మధ్యాహ్నం గంటన్నర ట్రయౌట్‌లో ఎనిమిదేళ్ల పిల్లల భవిష్యత్తు తేల్చగలమనడం ఏపాటి మాట?

హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్‌కీ పదేళ్ల వయసులో ఒక్క సీజన్‌లో 378 గోల్స్ కొట్టాడు కదా అని మీరు అడగవచ్చు, ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, కొట్టాడు. అలాంటి పిల్లవాడు వస్తే వాణ్ని పై వయసు పిల్లలతో ఆడించే వెసులుబాటు ఏ మంచి క్లబ్‌లోనైనా ఉండాలి. ఆ గ్రెట్స్‌కీ కూడా వేసవిలో బేస్‌బాల్, లక్రాస్ ఆడుతూ పెరిగాడన్నది అడిగేవారు సాధారణంగా వదిలేసే భాగం.

వేరే ఆటలు ఆడమని మీ క్లబ్ ఇచ్చిన సలహాకు కారణం విసుగు కలగకుండా చూడడం ఒక్కటే కాదు. స్కేటింగ్‌లో తుంటి కీలు మళ్లీ మళ్లీ ఒకే తీరుగా, సహజమైన పరుగులో రాని కోణంలో తిరుగుతుంది. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో ఏడాది పొడవునా ఆ ఒత్తిడి పడితే తుంటి దగ్గర ఎముక ఆకృతి మారి, కీలు ఒరుసుకుని నొప్పి పుట్టే సమస్య హాకీ ఆటగాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. వేసవిలో మూడు నెలలు ఫుట్‌బాల్, ఈత, చెట్లెక్కడం, ఏదైనా సరే, ఆ కీలుకు విశ్రాంతి, మిగతా ఒంటికి వ్యాయామం. ఎనిమిదేళ్లవాడికి జిమ్ గురించి, ప్రత్యేక ఆహారం గురించి ఎవరైనా మాట్లాడితే విని ఊరుకోండి.

బాడీ చెకింగ్ (పక్ ఉన్న ప్రత్యర్థిని ఒంటితో ఢీకొట్టి అడ్డుకోవడం) గురించి మీరు అడగలేదు కానీ రెండు మూడేళ్లలో అడుగుతారు. 2010లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనం 11, 12 ఏళ్ల ఆటగాళ్లను పోల్చి చూసింది. ఆ వయసులో చెకింగ్‌ను అనుమతించిన అల్బర్టాలో, అనుమతించని క్యుబెక్‌తో పోలిస్తే గాయాల ముప్పూ తలకు దెబ్బ తగిలే ముప్పూ మూడింతలకు పైగా ఉన్నట్టు తేలింది. యూఎస్‌ఏ హాకీ 2011–12 సీజన్ నుంచి చెకింగ్‌ను 13, 14 ఏళ్ల విభాగానికి జరిపింది, హాకీ కెనడా 2013లో అదే నిర్ణయం తీసుకుంది. దీని అర్థం అంతదాకా శరీర స్పర్శ గురించి ఏమీ నేర్పకూడదని కాదు. ప్రత్యర్థిని కోణం పట్టి రింక్ చుట్టూ ఉండే బోర్డుల వైపు నడిపించడం, తగిలినప్పుడు పడకుండా నిలదొక్కుకోవడం చిన్నప్పటి నుంచే నేర్పాలి. అది నేర్పకుండా 13 ఏళ్లు రాగానే పిల్లలను ఒకరి మీదికి ఒకరిని వదిలే క్లబ్ నియమాన్ని పాటిస్తున్నట్టే కనిపిస్తుంది, పిల్లలను మాత్రం ప్రమాదంలోకి నెడుతుంది.

ఇప్పటిదాకా మీ క్లబ్ పక్షాన మాట్లాడాను, ఇక రెండో వైపు కూడా చెప్పాలి. ‘అభివృద్ధి’ అనే మాట చాలా చోట్ల చేతకానితనానికి ముసుగుగా మారింది. రింక్‌ను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక వాలంటీరును నిలబెట్టి, పిల్లలను వరుసలో నిలబెట్టి వంతుల కోసం ఎదురుచూసేలా చేస్తే అది పూర్తి రింక్ మీద ఆడించిన దానికన్నా అన్యాయం. చిన్న ఆటకు ఒక ఉద్దేశం ఉండాలి. పక్ దొరికాక రెండు పాస్‌లు ఇచ్చిన తర్వాతే గోల్ కొట్టాలి, లేదా స్టిక్ వెనుక వైపుతోనే (బ్యాక్‌హ్యాండ్) కొట్టాలి, ఇలా ఏదో ఒక నియమం పెట్టి పిల్లల చేత ఫలానా పని చేయించాలి. ఆ నియమం ఎందుకు పెట్టావని అడిగితే కోచ్ వెంటనే చెప్పగలగాలి. చెప్పలేకపోతే అక్కడ నడుస్తున్నది పిల్లల కాలక్షేపం మాత్రమే. స్కోరు రాయకపోవడం కూడా అంతే. పిల్లలు ఎలాగూ లెక్క పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. గెలవాలన్న తహతహ చెడ్డది కాదు, దాని కోసం పెద్దవాళ్లు ఏ పనులకు దిగుతారన్న దగ్గరే చెడు మొదలవుతుంది.

ఇది నేను చేసిన తప్పు వల్ల తెలిసిన సంగతి. చాలా ఏళ్ల కిందట పదేళ్లలోపు జట్టు టోర్నమెంట్ ఫైనల్లో, చివరి పది నిమిషాలు బలమైన ఆరుగురినే తిప్పి తిప్పి ఆడించాను. గెలిచాం. కూర్చోబెట్టిన పిల్లల్లో ఒకడు హెల్మెట్ తీయకుండానే ఫొటోలో నిలబడ్డాడు, తర్వాతి సీజన్‌కు పేరు నమోదు చేసుకోలేదు. వాడు మంచి ఆటగాడయ్యేవాడో కాదో నాకు తెలియదు, తెలుసుకునే అవకాశాన్ని నేనే పోగొట్టుకున్నాను. ఆ ఫైనల్ స్కోరు ఎంతో ఇప్పుడు గుర్తు లేదు.

కాబట్టి రెండు చోట్లకూ వెళ్లి చూడండి, కానీ మీ అబ్బాయి వయసు జట్టును చూడకండి. వారం మధ్యలో ఒక సాయంత్రం 14 ఏళ్లలోపు జట్టు శిక్షణ చూడండి. ఎనిమిదేళ్ల వయసులో ఆ క్లబ్‌లో చేరినవారిలో ఎంతమంది ఇంకా అక్కడే ఆడుతున్నారని అడగండి. ఆరేళ్ల తర్వాత జట్టంతా బయటి నుంచి తెచ్చుకున్నవారే అయితే, ఆ క్లబ్ ఆటగాళ్లను తయారుచేయడం లేదు, ఏరుకుంటోంది. రెండో జట్టుకు, మూడో జట్టుకు ఎవరు శిక్షణ ఇస్తున్నారో కనుక్కోండి. మంచి కోచ్‌లందరినీ మొదటి జట్టుకే పెట్టుకున్న క్లబ్ గోడ మీద ఏ ప్రణాళిక అంటించినా అది గోడ వరకే. మ్యాచ్ హోరాహోరీగా సాగుతున్నప్పుడు బెంచ్ మీద ఎవరు కూర్చుంటున్నారో ఒకటి రెండు ఆటల్లో గమనించండి. ఇవన్నీ చూశాక రెండో జట్టే మెరుగ్గా తోస్తే నిరభ్యంతరంగా వెళ్లండి, పూర్తి రింక్ మీద ఆడినంత మాత్రాన ఏ పిల్లవాడి జీవితమూ పాడైపోదు. అయితే 60కి పైగా మ్యాచ్‌లంటే ప్రయాణాలు పోను వాడికి మిగిలే శిక్షణ గంటలెన్నో కాగితం మీద వేసి చూసుకోండి. శిక్షణలో అరగంటలో వాడు కొట్టే షాట్లు పది మ్యాచ్‌లలో కూడా కొట్టడు.

స్నేహితులు వెళ్లిపోయారన్నదాన్ని మాత్రం చిన్న విషయంగా తీసుకోకండి. ఆ వయసులో పిల్లలు రింక్‌కు వచ్చేది సగం హాకీ కోసమైతే సగం స్నేహితుల కోసం. ఈ క్లబ్‌లోనే ఉంచాలని మీరు నిర్ణయించుకుంటే, ఆ ఇద్దరితో వారానికోసారి బహిరంగ స్కేటింగ్ సమయంలోనైనా ఆడుకునేలా చూడండి. కోచ్ ఎవరూ లేని ఆ గంట కూడా శిక్షణే.

ఇక గోలీ సంగతి. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో ఎవరినీ పూర్తికాలం గోలీగా స్థిరపరచవద్దన్నది యూఎస్‌ఏ హాకీ సూచన, దానితో నేను ఏకీభవిస్తాను. నేటి గోలీ మంచు మీద అందరికన్నా చక్కగా స్కేట్ చేయగలగాలి, ప్యాడ్లు కట్టుకుని గోల్ ముందే నిలబడితే ఆ స్కేటింగ్ రాదు. మోకాళ్లు లోపలికి తిప్పి కూలబడే బటర్‌ఫ్లై భంగిమ తుంటి మీద వేసే భారం గురించి పైన చెప్పినదే ఇక్కడ రెండింతలు వర్తిస్తుంది. అయినా వాడి ఇష్టాన్ని తుంచేయకండి. తన వంతు వచ్చిన వారం మనసారా గోల్ కాయనివ్వండి, మిగతా వారాల్లో స్కేటర్‌గా ఆడించండి, పది పదకొండేళ్లకు కూడా అదే మాట మీదుంటే అప్పుడు గోలీ కోచ్‌ను వెతకండి. తొందరపడవలసిన పనేమీ లేదు. 1994 డ్రాఫ్ట్‌లో 217వ స్థానంలో ఎంపికైన టిమ్ థామస్ ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకునేసరికి ముప్పై దాటాయి, 2011లో అతని జట్టు బోస్టన్ బ్రూయిన్స్ లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచి, ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా అతను కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్ననాటికి అతని వయసు 37 ఏళ్లు.